దుర్గ అడిగిన మధ్యాహ్నం

విజయవాడ,
నవంబరు 4, 2025.

అమ్మడూ దుర్గా,

ఎలా ఉన్నావు తల్లీ? జలుబు తగ్గిందా? తడి తలతో బడికి పోవద్దని చెప్పాను, పోతూనే ఉండి ఉంటావు. నీతో గదిలో ఉండే హన్నా పంటి నొప్పి ఎలా ఉంది? పీకించుకుందా, ఇంకా లవంగం పెట్టుకునే లాగుతోందా? ఇంటిగలావిడ శౌరమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆవిడ మేడ మెట్లు ఎక్కి మీకు కూర తెచ్చి ఇస్తోందన్నావు, వద్దని చెప్పు, మీరే దిగి తెచ్చుకోండి, పడితే ఎవరు చూస్తారు? మీ బడిపిల్లల జ్వరాలు తగ్గాయా? తుపాను వెళ్ళాక నీళ్ళు మారాయి. కాచి చల్లార్చుకుని తాగండి.

ఇక్కడ మీ నాన్నకి బి.పి. మాత్ర మార్చారు. కొట్లో కూర్చుంటే కునుకు పడుతోందంటాడు. మీ అమ్మని అడిగితే "నాకేం అత్తయ్యా, దుక్కలా ఉన్నాను" అంటుంది. ఆ మాట అన్నప్పుడే నాకు భయం. సాయిశ్రీ చీకటితో కోచింగు కాలేజీకి పోయి చీకటి పడ్డాకే వస్తోంది, కళ్ళు లోపలికి పోయాయి. ఇంక నేను. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు ఒకటే చప్పుడు. ఫోనులో నువ్వు ఏం చెప్పినా ఆ చెరుగుడులోనే కొట్టుకుపోతోంది. అందుకే నా మూడో తరగతి చదువుతో ఈ ఉత్తరాలు.

అసలు సంగతి. మీ చెల్లెలు రాత్రి అన్నం దగ్గర నవ్వుతూ చెప్పింది. "అక్క టీచర్ల మీటింగులో లేచి పెద్ద హెడ్మాస్టరుగారిని నిలదీసింది నాయనమ్మా!" అని. నాకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏం అన్నావే తల్లీ? ఎవరి ముందు అన్నావు? ఉద్యోగం వచ్చి నిండా రెండేళ్ళు కాలేదు. ఎంతమంది పరీక్ష రాస్తే నీకు వచ్చింది! మీటింగు అంటే వెళ్ళాలి, కూర్చోవాలి, టీ ఇస్తే తాగాలి, సంతకం పెట్టి రావాలి. ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అన్నారా?

వెంటనే రాయి. నువ్వు రాసేదాకా నాకు నిద్ర ఉండదు. ఉన్నా అది నిద్ర కాదు.

నీ నాయనమ్మ,
వెంకటరావమ్మ.


కూచిపూడి,
నవంబరు 9.

నాయనమ్మా,

జలుబు తగ్గింది. హన్నా పన్ను పీకించుకుంది, ఆ రోజంతా మాట్లాడలేకపోయింది, గది ఎంత ప్రశాంతంగా ఉందో! శౌరమ్మగారికి నీ మాట చెప్పాను. "మీ నాయనమ్మకి నా మోకాళ్ళ సంగతి దేనికి రాశావు, ఆవిడ దిష్టి తగిలే ఇవాళ ఇంకొంచెం నొప్పిగా ఉంది" అంది. నవ్వుతూనే అందిలే.

నేను ఎవరినీ నిలదీయలేదు. సాయిశ్రీకి గోరంత చెబితే కొండంత చేసింది. జరిగింది ఇది.

మా చుట్టుపక్కల ఊళ్ళ బడుల టీచర్లం అందరం, హన్నా కూడా, నెలకోసారి పక్క ఊరి హైస్కూల్లో కలుస్తాం. దాన్ని కాంప్లెక్స్ మీటింగు అంటారు. ఆ హైస్కూలు హెడ్మాస్టరు రామకోటేశ్వరరావుగారే దానికి పెద్ద. ఆయన విజయవాడ నుంచే వస్తారు, ఇల్లు బెంజ్ సర్కిల్ దగ్గరట. పిల్లలకి మేలుగా ఎలా చెప్పాలో టీచర్లు కలిసి మాట్లాడుకోవాలని పెట్టిన మీటింగు అది. జరిగేది మాత్రం వేరు. పొద్దుట తెర మీద వీడియో వేస్తారు. మేం వరసల్లో కూర్చుని ఒకళ్ళ జడలు ఒకళ్ళం చూస్తూ ఉంటాం. ఏసుపాదం మాస్టారని మాలో అందరికన్నా పెద్దాయన, ఆయన గోడ పక్క కుర్చీ కోసం గంట ముందే వస్తారు, తల ఆనించుకోడానికి. మధ్యాహ్నం ఇంకో వీడియో. సంతకాలు. అంతే.

పోయిన మీటింగులో ఆమోసు మాస్టారు తన నాలుగో తరగతి పిల్లాడి గురించి ఏదో అడగబోయారు. "టైమైపోయింది, వచ్చేసారి చూద్దాం" అన్నారు హెడ్మాస్టరుగారు. అంతకు ముందుసారీ అదే మాట. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు, లేచి నిలబడ్డాను. "సార్, ఒక్క మధ్యాహ్నం మాకు వదిలెయ్యండి. ఎవరికి క్లాసులో ఏది కష్టంగా ఉందో వాళ్ళే చెప్పుకుంటారు. దాటినవాళ్ళు ఎలా దాటారో చెబుతారు" అన్నాను. హాలంతా నా వంకే చూసింది. ఏసుపాదం మాస్టారు కూడా కళ్ళు తెరిచారు.

రామకోటేశ్వరరావుగారు కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే అమ్మా. నెలాఖరు మీటింగులో మధ్యాహ్నం నీదే. అందరూ నోళ్ళు మూసుకుని కూర్చుంటే మాత్రం ఇంకెప్పుడూ నన్ను ఈ మాట అడక్కూడదు" అన్నారు.

అదీ సంగతి. ఇంక అంతా నా చేతిలోనే ఉంది. నాకు ఆ మధ్యాహ్నం కావాలి నాయనమ్మా. భయంగానే ఉంది, అయినా కావాలి. నువ్వు మాత్రం నిద్రపో.

దుర్గ.


విజయవాడ,
నవంబరు 17.

దుర్గా,

నీ ఉత్తరం సాయిశ్రీ చేత ఒకసారి చదివించుకున్నాను, నేను కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. హన్నాని కుడివైపు నమలొద్దని చెప్పు. శౌరమ్మగారికి నువ్వుల నూనె కాచి రాయమని చెప్పు, నా దిష్టి అదే పోతుంది.

నీ మీటింగు సంగతి నేనింక ఏమీ అనను. అంతా మంచే జరుగుతుందిలే. కనకదుర్గమ్మకి చెప్పుకున్నాను.

నిన్న మీ నాన్న కొట్టుకి పోయాక ఆటో ఎక్కి బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళొచ్చాను. చీరల మూట భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగే రోజుల నుంచీ పద్మావతమ్మగారని ఒకావిడ నా దగ్గరే కొనేది. చూసి చాలా కాలమైందని వెళ్ళాను. మంచి మనిషి. కాఫీ ఇచ్చింది. వాళ్ళ లిఫ్టు ఎక్కడానికి భయపడి మూడంతస్తులూ నడిచి ఎక్కాను, వాచ్‌మన్ నన్ను చూసి, "మామ్మగారూ, లిఫ్టేమీ కరవదండీ" అన్నాడు. మీ నాన్నకి ఈ సంగతి రాయకు. మోకాలు వాచిందని తిడతాడు.

నువ్వు వేళకి తిను. చలి మొదలైంది, పొద్దున చెవులకి గుడ్డ కట్టుకో.

నాయనమ్మ.


కూచిపూడి,
నవంబరు 24.

నాయనమ్మా,

అందరూ క్షేమమే. అడగక ముందే చెప్పేస్తున్నాను.

శనివారం రామకోటేశ్వరరావుగారు నన్ను హైస్కూలుకి పిలిపించారు. టేబులు మీద ఒక చీర ఉంది. మావిడిచిగురు రంగు, మిరపపండు అంచు. పైన పసుపూ కుంకుమా పొట్లాలు. ఆ అంచు మన చీరల కొట్లో తప్ప ఇంకెక్కడా లేదు. దూరం నుంచే గుర్తుపట్టాను.

ఆయనే ఇబ్బంది పడుతూ చెప్పారు. "మీ నాయనమ్మగారు మా ఇంటికి వచ్చారమ్మా. మా పిల్ల చిన్నది, నోరు జారింది, ఆ మధ్యాహ్నం దాని నెత్తిన పెట్టకండి అని మా ఆవిడ చేతులు పట్టుకున్నారట. బొట్టు పెట్టి ఇచ్చిన చీర కాదనకూడదని ఆవిడ పుచ్చుకుంది. నేను ఇంట్లో ఉంచుకుంటే అది లంచం. తిరిగి పంపితే అమంగళం అంటుంది మా ఆవిడ. అందుకని నీకే బొట్టు పెట్టి ఇమ్మంది. భయంగా ఉంటే నాతోనే చెప్పొచ్చుగా అమ్మా, పెద్దావిడని ఎందుకు పంపావు? పోనీలే. వీడియోనే వేసేద్దాం."

నేను పంపాననుకున్నారు నాయనమ్మా. ధైర్యం చాలక ముసలావిడని చీర ఇచ్చి పంపాననుకున్నారు. నేను పంపలేదని చెప్పాను. తల ఊపారు. నమ్మలేదు. ఆఫీసు గదిలో మాట స్టాఫు రూముకి రావడానికి ఎంతసేపు? సాయంత్రానికి హన్నాకి కూడా తెలిసింది.

ఆ మధ్యాహ్నం ఎందుకు కావాలన్నానో నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. నా రెండో తరగతిలో మనోజ్ఞ అని ఒక పాప ఉంది. పుస్తకం తెరిస్తే గడగడా చదువుతుంది. వేలు పెట్టి మరీ చదువుతుంది. బడి చూడటానికి వచ్చినవాళ్ళందరికీ ఆ పాప చేతే చదివించి చూపించాను. దసరా సెలవులయ్యాక ఒకరోజు గాలికి పేజీ తిరిగిపోయింది. ఆ పాప పాత పాఠమే చదువుతూ పోయింది. దానికి ఒక్క అక్షరం రాదు నాయనమ్మా. బొమ్మ చూసి పాఠమంతా బట్టీ పట్టింది. మిగతావాళ్ళని కూడా అలాగే చూశాను. సగం మంది అంతే. ఇన్ని నెలలు నేను ఎదురుగా కూర్చుని, చదువు వస్తోందని మురిసిపోయాను. నాకు చదువు చెప్పడం రాదు. ఎవరిని అడగను? పై అధికారిని అడిగితే మెమో. తోటివాళ్ళని అడగడానికి మీటింగులో ఒక్క నిమిషం లేదు. మనసులో చాలాసార్లు రాజీనామా రాసుకున్నాను. ఆ ఒక్క మధ్యాహ్నం చూసి, అప్పటికీ దారి దొరక్కపోతే మానేసి వచ్చేద్దామనుకున్నాను.

అది నువ్వు ఆపేశావు.

దుర్గ.


విజయవాడ,
నవంబరు 27.

తల్లీ దుర్గా,

నువ్వు ఎలా ఉన్నావని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు.

పేరూ, బెంజ్ సర్కిలూ నువ్వు రాయగానే పద్మావతమ్మగారి ఆయనే అని నాకు తెలిసింది. అమ్మవారే దారి చూపించిందనుకున్నాను. మన ఇళ్ళల్లో ఒకరిని ఒక మాట అడగాలంటే బొట్టు పెట్టి ఏదో ఒకటి చేతిలో పెట్టి అడుగుతాం. అది లంచమని నాకు తోచలేదమ్మా. నువ్వు పంపావని ఆయన అనుకుంటాడని అంతకన్నా తోచలేదు. నేను నిన్ను కాపాడుతున్నాననుకున్నాను.

ఎందుకంత భయమో నీకు చెప్పాలి. నీకు ఎవరూ చెప్పి ఉండరు. మన ఊళ్ళో నేతపనివాళ్ళ సొసైటీ ఉండేది. ఏడాదికోసారి అందరినీ పిలిచి సభ పెట్టేవారు. కుర్చీల్లో పెద్దవాళ్ళు, చాపల మీద మగవాళ్ళు, వాకిట్లో మేము. ఒక ఏడు మీ తాత చౌడయ్య లేచి, "ఈ నూలు పోగు పోగుకీ తెగుతోందండీ, మంచి నూలు తెప్పించండి" అన్నారు. అంతే అన్నారు. ఒక్కళ్ళు కూడా అవును అనలేదు. ఆ మాట నిజమని ప్రతి మగ్గానికీ తెలుసు. అందరూ చాప వంక చూశారు. ఆ తరవాత మనకి నూలు ఇవ్వడం ఆపేశారు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అన్నారు. మగ్గం బూజు పట్టింది. మీ నాన్న పసివాడు. అప్పుడే నేను ఎవరో నేసిన చీరలు మూట కట్టుకుని విజయవాడ వీధులు పట్టాను. మీ తాత మళ్ళీ ఏ సభలోనూ నోరు విప్పలేదు. చివరికి ఇంట్లో కూడా తగ్గించేశారు.

నువ్వు లేచి నిలబడ్డావని వినగానే నాకు ఆ సభే కనపడింది. అందరూ చాప వంక చూస్తారు, నువ్వొక్కదానివే మిగులుతావు అనిపించింది.

నీకు చదువు చెప్పడం రాదంటే నేను ఒప్పుకోను. మానేయాలనిపిస్తే మానేసిరా, ఇల్లు నీది, ఎవరేమన్నా నేనున్నాను. అయితే ఏడుస్తూ మాత్రం రాకు తల్లీ.

మళ్ళీ ఆటో ఎక్కి వెళ్ళి ఆవిడతో, మా పిల్ల పంపలేదు, నా బుద్ధే గడ్డి తింది అని చెప్పి రానా? ఒక్క మాట రాయి, వెళతాను.

నాయనమ్మ.


కూచిపూడి,
డిసెంబరు 1.

నాయనమ్మా,

వెళ్ళకు! దండం పెడతాను, ఆటో ఎక్కకు. ఈసారి ఏ చీర పట్టుకెళతావో అని భయంగా ఉంది.

తాత సంగతి రెండుసార్లు చదివాను. హన్నాకి కూడా చదివి వినిపించాను. నీకు కోపం రాదనే అనుకున్నాను. హన్నా పొద్దున్నే లేచి ఆమోసు మాస్టారికీ, ఏసుపాదం మాస్టారికీ ఫోన్లు చేసింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు.

శనివారం మీటింగు మామూలుగా మొదలైంది. వీడియో. నేను వెనక వరసలో తల దించుకుని కూర్చున్నాను. టీ ఇచ్చేటప్పుడు ఏసుపాదం మాస్టారు గోడ పక్క కుర్చీలోంచి లేచారు. "సార్, ఈ మధ్యాహ్నం మాకిస్తామన్నారు కదండీ" అన్నారు. రామకోటేశ్వరరావుగారు నా వంక చూసి, "ఆ అమ్మాయికి ఇష్టం లేదటండీ" అన్నారు.

నేను లేచాను. "నాకు ఇష్టమే సార్. మా నాయనమ్మకి భయం. ఆవిడ భయం ఆవిడది, నేను పంపలేదండీ" అన్నాను.

"ఆ పిల్ల వెనక్కి తగ్గి ఉన్నా మేం తగ్గేవాళ్ళం కాదండీ. అడగాల్సింది నాకూ ఉంది" అన్నారు ఏసుపాదం మాస్టారు. ఆమోసు మాస్టారు లేచారు. హన్నా లేచింది. తరవాత నేను ఎప్పుడూ మాట్లాడని ఒకావిడ, ఆ పక్కన ఇంకొకాయన. ఎవరూ నేల వంక చూడలేదు నాయనమ్మా. ఆ మాట నీకు రాయాలనే ఇవాళ బడి నుంచి పరిగెత్తుకుని వచ్చాను.

రామకోటేశ్వరరావుగారు అందరినీ చూసి, "ఇంతమంది కలిసి నన్ను విలన్ని చెయ్యకండి, కూర్చోండి" అన్నారు. ఆ పూటకి వీడియో పెట్టేశారు కాబట్టి, డిసెంబరు ఇరవై శనివారం మీటింగులో మధ్యాహ్నం మాదే. షరతు మాత్రం పాతదే. ఎవరూ మాట్లాడకపోతే ఇంక ఎప్పుడూ అడగకూడదు.

బయటికి వచ్చాక ఆమోసు మాస్టారు, "మీ నాయనమ్మ చీర పెట్టి మీటింగు ఆపారు. ఇంకా నయం, పట్టుచీర పెట్టుంటే బడే మూసేసేవారు" అన్నారు. అందరం పడీపడీ నవ్వాం. నాకు నీ మీద కోపం అక్కడే పోయింది. కొంచెం ఉంది. అది నేను ఇంటికి వచ్చినప్పుడు చూసుకుందాం.

దుర్గ.


విజయవాడ,
డిసెంబరు 8.

అమ్మడూ,

ఆ ఏసుపాదం మాస్టారు ఎలా ఉంటారు? ఆరోగ్యం బాగుంటుందా? పిల్లలు ఎంతమంది? ఆమోసు మాస్టారికి నా నమస్కారం చెప్పు, పట్టుచీర మాట గుర్తుపెట్టుకుంటానని చెప్పు. హన్నాకి ఏం ఇవ్వను? ఆ పిల్లకి క్రిస్మస్ వస్తోంది కదా. చీర మాట నేను ఎత్తను, మీ నాన్న చేత ఒక దుప్పటి పంపిస్తున్నాను. దుప్పటి లంచం కాదుగా?

ఎవరూ నేల వంక చూడలేదని రాశావే, అది మీ నాన్నకి చదివి వినిపించాను. వాడు కొట్లోంచి ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపయ్యాక వచ్చి నీ ఉత్తరం ఇంకోసారి అడిగాడు.

ఒకటి అడుగుతాను. కుర్చీలు గుండ్రంగా వేస్తానన్నావుట, ఒక గుంపులో మాట నచ్చకపోతే లేచి ఇంకో గుంపుకి పోవచ్చట, సాయిశ్రీ చెప్పింది. మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోవడం మర్యాదేనా తల్లీ? ఆ మాట్లాడేవాళ్ళకి ఎలా ఉంటుంది? అది కాక పెద్దవాళ్ళకి వీపు పెట్టి కూర్చోవాల్సి వస్తుంది. హెడ్మాస్టరుగారికి మాత్రం వీపు పెట్టకు.

ఆ రోజు మజ్జిగ తాగి వెళ్ళు. నోరు ఎండిపోతే మాట రాదు. కరెంటు పోతే ఎలా? వాన వస్తే ఎలా? డిసెంబరులో వాన ఏమిటంటావు, తుపాను నిన్ను అడిగి వస్తుందా?

నాయనమ్మ.


కూచిపూడి,
డిసెంబరు 23.

నాయనమ్మా,

కరెంటు పోలేదు, వాన రాలేదు, మజ్జిగ తాగాను. హన్నా దుప్పటి నాకివ్వడం లేదు.

ఆ రోజు నీ చీరే కట్టుకున్నాను. పద్మావతమ్మగారు బొట్టు పెట్టి ఇచ్చింది కాదనకూడదు కదా! రామకోటేశ్వరరావుగారు చూసి చూడనట్టు ఊరుకున్నారు.

భోజనాలయ్యాక వరసలు తీసేసి కుర్చీలు నాలుగు గుండ్రాలుగా వేశాం. "తొక్కుడు బిళ్ళ ఆడిస్తావా అమ్మాయ్?" అని ఎవరో అన్నారు. అందరూ కూర్చున్నారు. నేను, "ఎవరికి ఏది కష్టంగా ఉందో చెప్పండి" అన్నాను. ఎవరూ చెప్పలేదు. టీ తెచ్చిన అటెండరు మీటింగు అయిపోయిందనుకుని లైట్లు ఆర్పబోయాడు. రామకోటేశ్వరరావుగారు గుమ్మం దగ్గర నిలబడి వాచీ చూసుకుంటున్నారు.

ఇంకెవరి కోసమో ఎదురుచూడటం దేనికని నేనే మొదలుపెట్టాను. మనోజ్ఞ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. గాలికి పేజీ తిరగడం, నేను మురిసిపోవడం, అంతా. చెప్పేసి తల దించుకున్నాను.

అప్పుడు ఏసుపాదం మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నీకు రెండో ఏడే తెలిసిందమ్మా. నాకు తెలిసేసరికి జుట్టు నెరిసింది" అన్నారు. "భాగహారం చెప్పాల్సిన వారం నేను ఇప్పటికీ సెలవు పెడతాను. అది ఎవరికైనా పిల్లలకి అర్థమయ్యేట్టు చెప్పడం వస్తే నాకు చెప్పండి, పింఛను తీసుకునే ముందు నేర్చుకుని పోతాను." ఒకేసారి అందరూ నవ్వారు. ఆ నవ్వుతో తలుపు తెరుచుకుంది నాయనమ్మా. ఇంక ఆపడం ఎవరి తరం కాలేదు.

మధ్యలో ఒకావిడ మా గుండ్రంలోంచి లేచి వెళుతుంటే రామకోటేశ్వరరావుగారు కంగారుగా, "ఎక్కడికమ్మా?" అన్నారు. "అక్కడ భాగహారం నడుస్తోందండీ, నాకు కావాల్సింది అదే" అందావిడ. ఎవరూ ఏమీ అనుకోలేదు, నువ్వు బెంగ పెట్టుకోకు. అన్నీ బాగా జరిగాయనీ కాదు. ఒక గుంపు బదిలీల మాటల్లో పడి చివరికి పోట్లాడుకుంది. ఒకాయన బస్సు ఉందని మూడింటికే వెళ్ళిపోయాడు. కానీ హెడ్మాస్టరుగారు వాచీ చూడటం మానేశారు. కుర్చీ ఒకటి లాక్కుని మా మధ్య కూర్చున్నారు. "చదవడం రాకుండా ఆరో తరగతికి పంపుతున్నారని మిమ్మల్ని ఇన్నేళ్ళూ తిట్టాను. మీకేం కావాలని ఎప్పుడూ అడగలేదు" అన్నారు. వచ్చే మీటింగు మధ్యాహ్నం కూడా మాదేనన్నారు. పొద్దుట మాత్రం వీడియో ఉంటుందట. అది పైనుంచి వస్తుంది, ఆయన చేతిలో లేదు.

నా మనోజ్ఞకి దారి చూపించింది ఆమోసు మాస్టారు. ఆయన నాలుగో తరగతి పిల్లాడికి ఇదే జబ్బు. సగం దూరం వచ్చాడట. పుస్తకం పక్కన పెట్టి, పాప తన నోటితో ఏం చెబితే అదే రాయమన్నారు. ఆ మాటలు ముక్కలుగా కత్తిరించి, కలిపేసి, మళ్ళీ పేర్చమనాలి. బట్టీకి వీలుండదు. నిన్న చేశాను. "ఏదైనా చెప్పవే" అంటే, "మా మామ్మ మినప చేలోకి పోద్ది, నాకు జడ ఎయ్యదు" అంది. అదే రాశాను. ముక్కలు కలిపేశాను. చాలాసేపు వాటి వంక చూసింది. "జడ" అనే ముక్క తీసి నా చేతిలో పెట్టి, "ఇది నాదండీ" అంది. అది తన కళ్ళతో చదివిన మొదటి మాట. నేను బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను. ఇంక రాజీనామా మాట ఎత్తను.

ఇప్పుడు అసలు పని. మా పిల్లల్లో చాలామంది మామ్మల దగ్గరే పెరుగుతున్నారు, అమ్మలు పనులకి పోతారు. ఆ మామ్మలని బడికి పిలిచి ఒక కబురో కథో చెప్పించి, ఆ మాటలే పిల్లలకి రాసి ఇద్దామని మీటింగులో అనుకున్నాం. ముందు మా బళ్ళో చూస్తాం, జనవరి మొదట్లో. ఇళ్ళకి వెళ్ళి పిలిచాను. వస్తామన్నారు. "మాకేం తెలుసమ్మా, కూర్చుని పోతాం" అన్నారు అందరూ. వాళ్ళు కూర్చునే పోతారని నా భయం. వాళ్ళలో ఒకరు మొదలుపెట్టాలి. టీచరు చెబితే లాభం లేదు, వాళ్ళలాంటి మనిషే కావాలి. నువ్వు రా నాయనమ్మా.

దుర్గ.


విజయవాడ,
డిసెంబరు 27.

దుర్గా, నా తల్లీ,

నువ్వు బాగున్నావని ఈసారి అడగకుండానే తెలిసింది. మిగతావాళ్ళని అడుగుతాను. హన్నా పండగ బాగా జరిగిందా? శౌరమ్మగారు కేకు ఎక్కువ తినలేదు కదా, ఆవిడకి షుగరన్నావు. ఏసుపాదం మాస్టారికి భాగహారం వచ్చిందా? ఆ మనోజ్ఞకి జడ ఎవరు వేస్తున్నారు? వాళ్ళ మామ్మకి తీరకపోతే నువ్వు వెయ్యి, ఆడపిల్ల చిక్కుతలతో బడికి రాకూడదు.

నన్ను రమ్మని రాశావు చూడు, అది చదివినప్పటి నుంచీ నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. నేను సభలో మాట్లాడటమేమిటే? వాకిట్లో కూర్చున్నదాన్ని. చీరలమ్మేటప్పుడు వంద మాటలు చెప్పేదాన్ని, నిజమే, కానీ అవి చీర గురించి. నా గురించి నన్ను ఎవరూ అడగలేదు. చెవి వినపడదు, ఎవరేం అడిగారో తెలియక తెల్లమొహం వేస్తాను. బస్సులో వాంతి వస్తే? అక్కడి మామ్మలు, ఇదెవరు మా ఊరొచ్చి పెత్తనం చేస్తోంది అంటే? మీ అమ్మతో అంటే, "వద్దనుకుంటే మానెయ్యండి అత్తయ్యా" అంది. మీ నాన్న మాత్రం, "వెళ్ళమ్మా, నాన్న సంగతి చెప్పు వాళ్ళకి" అన్నాడు. వాడు వాళ్ళ నాన్న మాట నా దగ్గర ఎత్తి ఎన్నేళ్ళయిందో.

ఆ నూలు సంగతి పిల్లలకి తెలుస్తుందా? తెలియకపోతే నువ్వు రాసేటప్పుడు తేలిక చెయ్యి. మీ తాత లేచి నిలబడినప్పుడు ఏ రంగు కండువా వేసుకున్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. అక్కడి నుంచి మొదలుపెడతాను. మధ్యలో గొంతు ఆగిపోతే నువ్వు కల్పించుకోకు. ఆగనియ్యి. ఆ మామ్మల్లో ఎవరో ఒకరు, "అవునమ్మా, మాకూ అలాగే జరిగింది" అంటారేమో చూద్దాం. అనకపోయినా నేను పూర్తి చేస్తాను.

మీ నాన్న కొట్టు మూసి నాతో వస్తానంటున్నాడు. పొద్దున మొదటి బస్సు. జనవరి మూడో తేదీ, శనివారం. బడి గంట కొట్టే వేళకి గుమ్మంలో ఉంటాను.

నీ నాయనమ్మ,
వెంకటరావమ్మ.